పాత డబ్బాకు వెలిగిన లైటు కొత్త డబ్బాకు వెలగలేదు: అనంతపురం శనక్కాయ మిల్లులో ఒక లాన్ కేసు

అనంతపురం ఊరి బయట ఒక శనక్కాయ మిల్లు. ముందు ఆఫీసు గది, దాన్ని ఆనుకుని కాయలు కొట్టే పొడవాటి రేకుల షెడ్డు, షెడ్డు చివర గేటు పక్కన లారీల కాటా గది. ఇంటర్నెట్ రూటరు, నెట్‌వర్క్ స్విచ్చి (కంప్యూటర్ల కేబుళ్లన్నీ వచ్చి కలిసే డబ్బా), ట్యాలీ లెక్కల డేటా ఉండే కంప్యూటరు ఆఫీసులో ఉన్నాయి. కాటా గదిలో ఒక డెస్క్‌టాప్ ఉంది. తూకం చీటీ, బిల్లు, ఈ-వే బిల్లు మూడూ దాని మీదే తీస్తారు. రెండు గదుల్నీ కలిపేది షెడ్డు గోడ వెంట పోయిన ఒకే ఒక్క లాన్ కేబుల్. టేపు పట్టి కొలిస్తే 42 మీటర్లు. డెస్క్‌టాప్‌కు వైఫై లేదు. పెట్టినా ఆ రేకులు, మోటార్లు, నెత్తికెత్తున పేర్చిన బస్తాల నడుమ సిగ్నల్ నిలవదు. ఆ కేబుల్ పనిచేయకపోతే లారీ గేటు దగ్గరే ఆగిపోతుంది.

ముంగారు వానలకు ముందు ఒక సాయంత్రం ఉరుములతో గాలివాన వచ్చింది. కరెంటు పోయి వచ్చేసరికి ఆఫీసులో రూటరు, 8 పోర్టుల పాత స్విచ్చి రెండూ కాలిపోయాయి. రెండింటి అడాప్టర్లూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఉన్నాయి. మరుసటి రోజు ఇంటర్నెట్ వాళ్లు రూటరు మార్చారు, మిల్లువాళ్లు బజారులో కొత్త 8 పోర్టుల గిగాబిట్ (1000 ఎంబీపీఎస్ వేగం) స్విచ్చి కొన్నారు. ఆఫీసులో అన్నీ ఎప్పట్లాగే పనిచేశాయి. కాటా కంప్యూటరు మాత్రం కేబుల్ పెట్టి ఉన్నా "నెట్‌వర్క్ కేబుల్ అన్‌ప్లగ్డ్" అనే చూపించింది. పోర్టు దగ్గర లైటే లేదు.

ముందు వచ్చినవాళ్లు ఏం చేశారు

పిడుగుల రోజు జరిగింది కాబట్టి లాన్ పోర్టు కాలిపోయిందని మొదట అనుకున్నారు. అందులో తప్పేం లేదు, చాలా కేసుల్లో అదే నిజం. స్లాటులో కొత్త లాన్ కార్డు పెట్టారు. లైటు రాలేదు. డ్రైవరు తీసి మళ్లీ వేశారు. కరెంటు పొదుపు కోసం కార్డును ఆపేసే సెట్టింగ్ టిక్కు తీశారు. కేబుల్ రెండు కొసల్లో పాత పిన్నులు (పోర్టులోకి దూర్చే ప్లాస్టిక్ ప్లగ్గులు) కోసి కొత్తవి కొట్టారు. అయినా ఫలితం లేదు.

చివరగా ఒక ల్యాప్‌టాప్ తెచ్చి అదే కేబుల్ పెట్టారు. వెంటనే నెట్ వచ్చింది! దాంతో తీర్పు ఖాయమైంది: కేబుల్ బాగుంది, స్విచ్చి బాగుంది, రూటరు బాగుంది, కంప్యూటరు మదర్‌బోర్డే పోయింది, మార్చాలి.

వినడానికి ఈ తీర్పు సబబుగానే ఉంటుంది. ఒక వస్తువు తీసి ఇంకొకటి పెట్టి చూడడమే మన పనిలో మొదటి పరీక్ష. కానీ ఆ పరీక్షకు ఒక షరతు ఉంది. పెట్టినది, తీసినది ఒకేలా నడుచుకునేవై ఉండాలి. ఇక్కడ ల్యాప్‌టాప్ పోర్టు, డెస్క్‌టాప్ పోర్టు ఒకేలా నడుచుకోలేదు. కొత్తగా పెట్టిన లాన్ కార్డేమో మదర్‌బోర్డు మీదున్న చిప్పు జాతిదే. అందుకే కార్డు మార్చినా ఏమీ మారలేదు. ల్యాప్‌టాప్ పెడితే మారింది. రెండు పరీక్షలూ కలిసి తప్పు దారి చూపించాయి.

ఆనవాళ్లు మాత్రం కళ్లెదుటే ఉన్నాయి. ఒకటి, కాటా గుమాస్తా మొదటి రోజు నుంచీ చెబుతున్న మాట: "పాత డబ్బాకు లైటొస్తా ఉండె అన్నా. కొత్త డబ్బా పెట్టినాకనే రాలేదు." కంప్యూటరు పిడుగుకు పోయి ఉండొచ్చని అందరూ అనుకుంటుంటే, ఆయన మాత్రం స్విచ్చి మారిన సంగతి చెబుతున్నాడు. రెండోది, ల్యాప్‌టాప్‌లో నెట్ వచ్చినప్పుడు స్టేటస్ కిటికీలో స్పీడు 100 ఎంబీపీఎస్ అని ఉంది. స్విచ్చి గిగాబిట్, ల్యాప్‌టాప్ గిగాబిట్. మరి మధ్యలో 100 ఎందుకు? స్విచ్చి మీద కూడా ఆ పోర్టుకు పసుపు లైటు, మిగతా పోర్టులకు ఆకుపచ్చ లైటు. ఈ మోడల్లో ఆకుపచ్చ అంటే 1000, పసుపు అంటే 100. కొన్ని స్విచ్చిల్లో రెండింటికీ ఒకే రంగు లైటు ఉంటుంది, అప్పుడు కంప్యూటరు స్టేటస్‌లోనే చూడాలి.

లాన్ కేసు దేనికి వెళ్లినా "నెట్ వచ్చిందా" అన్న ప్రశ్నతో ఆగకూడదు. ఎంత స్పీడులో లింకు కట్టిందో అడగాలి. విండోస్ రన్ పెట్టెలో ఎన్‌సీపీఏ.సీపీఎల్ (ncpa.cpl) కొట్టి, ఈథర్నెట్ మీద రెండుసార్లు నొక్కితే ఆ అంకె కనిపిస్తుంది. పది సెకన్ల పని.

అసలు లోపల జరిగేది

లాన్ కేబుల్లో ఎనిమిది వైర్లు, రెండేసి మెలిపెట్టిన నాలుగు జతలు. 100 ఎంబీపీఎస్ లింకుకు రెండు జతలే చాలు: ప్లగ్గులోని 1, 2 నంబరు పిన్నుల్లో నారింజ జత, 3, 6 పిన్నుల్లో ఆకుపచ్చ జత. 4, 5లో ఉండే నీలం జత, 7, 8లో ఉండే గోధుమరంగు జత ఊరికే ఉంటాయి. గిగాబిట్‌కు అలా కుదరదు. నాలుగు జతలూ ఒకేసారి రెండు వైపులా పనిచేయాలి.

చిక్కు ఎక్కడంటే, లింకు కట్టేముందు రెండు కొసలూ "నీకు ఎంత స్పీడు వచ్చు, నాకెంత వచ్చు" అని మాట్లాడుకుంటాయి. ఈ మాటలు నారింజ, ఆకుపచ్చ జతల మీదే నడుస్తాయి. ఆ రెండూ బాగుంటే బేరం కుదురుతుంది: ఇద్దరికీ 1000 వచ్చు కాబట్టి 1000. తీరా 1000లో లింకు కట్టబోతే నీలం, గోధుమ జతలు లేవు. లింకు కట్టదు. మళ్లీ మొదటి నుంచి బేరం, మళ్లీ 1000కే ఒప్పందం, మళ్లీ విఫలం. బయటికి మనకు కనిపించేది వెలగని లైటు.

కొన్ని చిప్పులకు ఇక్కడ ఒక తెలివి పెట్టారు. నాలుగైదుసార్లు విఫలమయ్యాక "నాకు 100 మాత్రమే వచ్చు" అని కిందికి దిగి మళ్లీ మాట్లాడతాయి. రెండు కొసల్లో ఏ ఒక్కటి దిగినా లింకు 100లో కట్టుకుంటుంది. ఆ ల్యాప్‌టాప్ చేసింది అదే. కాటా డెస్క్‌టాప్ చిప్పు దిగలేదు, కొత్త స్విచ్చీ దిగలేదు. పాత స్విచ్చి 100 మాత్రమే తెలిసినది. దానితో మాట్లాడినప్పుడు 1000 అన్న మాటే రాదు, అందుకే నాలుగు వైర్ల మీద ఏళ్ల తరబడి ఏ గొడవా లేకుండా నడిచింది. కేబుల్లో లోపం మొదటి నుంచీ ఉంది. పిడుగు కేబుల్‌ను ఏమీ చేయలేదు, ఆ లోపాన్ని ఇన్నాళ్లూ కప్పి ఉంచిన పాత స్విచ్చిని మాత్రం తీసేసింది.

విడగొట్టిన పద్ధతి

ఇదంతా ఊహగానే ఉండకూడదు కాబట్టి, ముందు కంప్యూటరు పోర్టు మంచిదో కాదో తేల్చాలి. దానికి 42 మీటర్ల కేబుల్‌ను పక్కన పెట్టాలి. డెస్క్‌టాప్‌కు కాటా ఇండికేటర్ వైరు, ప్రింటరు, కెమెరా తెర అన్నీ తగిలించి ఉన్నాయి. దాన్ని ఊడదీసి ఆఫీసుకు మోయడం గంట పని. ఊడదీసినవాటిలో ఏదో ఒకటి తిరిగి సరిగా తగలదు కూడా. అంతకన్నా తేలిక ఏమిటంటే, స్విచ్చినే కంప్యూటరు దగ్గరికి తీసుకెళ్లడం. అరచేతిలో పట్టే డబ్బా, దానితో ఒక అడాప్టరు. మధ్యాహ్నం అన్నాల వేళ ఆఫీసు స్విచ్చి ఊడదీసి కాటా గదిలో పెట్టి, ఫ్యాక్టరీలో తయారైన ఒక మీటరు ప్యాచ్ కార్డుతో (రెండు కొసలా ప్లగ్గులున్న పొట్టి కేబుల్) డెస్క్‌టాప్‌కు కలిపాం. మూడు సెకన్లలో ఆకుపచ్చ లైటు, 1.0 జీబీపీఎస్. ఇంటర్నెట్ ఉండదు, అది ఇక్కడ అక్కర్లేదు. మదర్‌బోర్డు పోర్టు మంచిది, స్విచ్చి పోర్టు మంచిది. కొత్తగా కొన్న లాన్ కార్డు అవసరమే లేదు, దాన్ని తీసేశాం.

తర్వాత కేబుల్. రెండు కొసలూ పరికరాల నుంచి తీసి కేబుల్ టెస్టరుకు పెట్టాం. ఒక కొస స్విచ్చిలో ఉండగానే టెస్టరు తగిలించడం మంచిది కాదు. కరెంటు పంపే పీఓఈ స్విచ్చి అయితే టెస్టరు కాలిపోవచ్చు. లైట్లు ఇలా వచ్చాయి: 1 వెలిగింది, 2 వెలిగింది, 3 వెలిగింది, 4 చీకటి, 5 చీకటి, 6 వెలిగింది, 7 చీకటి, 8 చీకటి. ముందు వచ్చినవాళ్లకు కూడా టెస్టరు ఇదే చూపించి ఉండాలి. "నాలుగు వెలిగితే చాలు" అనే మాట మన దగ్గర చాలామంది నోట వింటాం. పాత స్విచ్చిల కాలంలో అది నిజమే. ఈరోజు బజారులో దొరికే స్విచ్చి, రూటరు దాదాపు అన్నీ గిగాబిట్ అయ్యాక అదే మాట మనల్ని రోజులకు రోజులు తిప్పుతుంది.

పిన్ను దగ్గర తొడుగు చీల్చి చూస్తే నాలుగు వైర్లే పిన్నులోకి వెళ్లాయి. గోధుమ జతను తొడుగు దగ్గరే కత్తిరించేశారు. నీలం జత వెనక్కి మడిచి ఉంది. దాన్ని పట్టుకుని వెళ్తే ఆఫీసు వరండా గోడ మీద ఒక ప్లాస్టిక్ జంక్షన్ బాక్సు, అందులో ఇన్సులేషన్ టేపు చుట్టిన అతుకు. అక్కడి నుంచి ఇంటర్‌కామ్ ఫోనుకు. కాటా గది వైపూ అలాగే. అంటే ఎప్పుడో ఒకరు ఫోనుకు వేరే వైరు లాగకుండా, లాన్ కేబుల్లో ఊరికే ఉన్న జతను వాడుకున్నారు. ఆ రోజుకు అది పొదుపుగానే అనిపించి ఉంటుంది.

ఇలాంటి కేబుల్లో తొందరపడి నీలం జతను లాగి పిన్నులో కొట్టేయకూడదు. ఇంటర్‌కామ్ బాక్సు నుంచి ఆ జత మీద 24 నుంచి 48 వోల్టుల డీసీ ఎప్పుడూ ఉంటుంది, ఫోను మోగినప్పుడు దానికి మించిన ఏసీ వస్తుంది. అది నేరుగా లాన్ పోర్టులోకి పోతే, పిడుగు వదిలేసిన పోర్టును మనమే కాల్చినట్టవుతుంది. ముందు మీటరు పెట్టి వోల్టేజీ చూడాలి, ఫోను లైను రెండు చోట్లా విడదీయాలి, ఆ తర్వాతే వైరు ముట్టుకోవాలి.

ఆ రోజుకు

గేటు దగ్గర రెండు లారీలు ఉన్నాయి. కొత్త కేబుల్ లాగడానికి మర్నాడు కావాలి. ఇలాంటప్పుడు చాలామంది చేసేది, కార్డు ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌కు వెళ్లి "స్పీడ్ అండ్ డూప్లెక్స్"ను 100 ఫుల్ డూప్లెక్స్‌కు కట్టేయడం (ఫుల్ అంటే ఒకేసారి పంపడం, అందుకోవడం రెండూ; హాఫ్ అంటే ఒకసారికి ఒకటే). లైటు వెలుగుతుంది, నెట్ కూడా వస్తుంది. కానీ చాలా కార్డులు అలా కట్టేస్తే అవతలి కొసతో బేరమాడడం మానేస్తాయి. సెట్టింగులు లేని మామూలు స్విచ్చి అవతలి నుంచి జవాబు రాక, స్పీడు 100 అని మాత్రం పసిగట్టి, డూప్లెక్స్ తెలియక హాఫ్‌గా ఉండిపోతుంది. ఇటు ఫుల్, అటు హాఫ్. పింగ్ (అవతలి పరికరాన్ని పలకరించి చూసే కమాండ్) కొడితే బాగానే జవాబులొస్తాయి, పెద్ద ఫైలు పంపితే నత్తనడక, ట్యాలీ మధ్యమధ్య బిగుసుకుపోతుంది. ఎవరికీ అర్థం కాని "నెట్ స్లో" కేసుల్లో కొన్ని ఇలాగే పుడతాయి.

దానికన్నా చక్కని ఉపాయం, కాటా గదిలో కంప్యూటరుకూ కేబుల్‌కూ మధ్య 100 ఎంబీపీఎస్ మాత్రమే వచ్చే 5 పోర్టుల చిన్న స్విచ్చి పెట్టడం. రెండు వైపులా ఆటోలోనే ఉంటాయి, బేరం సజావుగా 100 ఫుల్‌కు కుదురుతుంది. పెట్టగానే లైటు వచ్చింది. కానీ నెట్ రాలేదు.

రెండో లోపం

లింకు లైటు వెలిగాక కూడా నెట్ రాకపోతే ఇక కేబుల్ సంగతి వదిలి అంకెలు చూడాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ /ఆల్ కొడితే వచ్చినవి: ఐపీ (నెట్‌వర్క్‌లో కంప్యూటరు చిరునామా) 192.168.1.50, గేట్‌వే (బయటికి దారి చూపే రూటరు చిరునామా) 192.168.1.1, డీహెచ్‌సీపీ (రూటరే అంకెలు ఇచ్చే ఆటో పద్ధతి) ఎనేబుల్డ్ దగ్గర "నో". అంటే ఎప్పుడో చేత్తో కొట్టిన అంకెలు. ఆఫీసులో కంప్యూటర్లకేమో 192.168.0తో మొదలయ్యే అంకెలు వస్తున్నాయి, కొత్త రూటరు చిరునామా 192.168.0.1. రూటరు మారినప్పుడు నెట్‌వర్క్ అంకెలూ మారిపోయాయి, కాటా కంప్యూటరు పాత ఇంటి అడ్రసులోనే ఉండిపోయింది. ల్యాప్‌టాప్ ఆటోలో ఉంది కాబట్టి దానికి ఈ చిక్కే రాలేదు. ల్యాప్‌టాప్ రెండోసారి కూడా అసలు సంగతిని దాచిపెట్టింది.

పింగ్ 192.168.0.1 కొట్టినప్పుడు వచ్చిన జవాబును కొంచెం నిదానంగా చదవాలి: "రిప్లై ఫ్రమ్ 192.168.1.50: డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్". రిప్లై వచ్చింది కదా అని సంతోషించకూడదు. ఆ జవాబు ఇచ్చింది మన కంప్యూటరే, తన ఐపీతో తానే. గేట్‌వే అనుకుంటున్న 192.168.1.1 ఈ వైరు మీద ఎక్కడా దొరకలేదని దాని అర్థం. "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" వేరు. అప్పుడు ప్యాకెట్ బయటికి వెళ్లింది, తిరిగి జవాబు రాలేదు. మొదటిది వస్తే మన అంకెలు, మన వైరు చూసుకోవాలి. రెండోది వస్తే అవతలి పరికరం, ఫైర్‌వాల్, ఇంటర్నెట్ లైను చూడాలి. ఐపీ 169.254తో మొదలైతే అది మూడో సంగతి: కంప్యూటరు ఆటోలోనే ఉంది, అంకెలు ఇవ్వాల్సిన రూటరు నుంచి జవాబు అందలేదు, తనకు తానే ఒకటి పెట్టుకుంది.

ఐపీ, డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేర్లను అంకెలుగా మార్చేది) రెండూ ఆటోకు మార్చాం. 192.168.0.104 వచ్చింది. పింగ్ 192.168.0.1కు జవాబు, పింగ్ 8.8.8.8కు (ఇంటర్నెట్‌లోని గూగుల్ సర్వరు) జవాబు, ఈ-వే బిల్లు పోర్టల్ తెరుచుకుంది. కాటా ప్రింటరును ఆఫీసు నుంచి కూడా వాడతారు కాబట్టి ఈ కంప్యూటరుకు ఎప్పుడూ ఒకే ఐపీ ఉండాలి. దానికి మళ్లీ కంప్యూటర్లో చేత్తో అంకెలు కొట్టడం కాదు, రూటరులో అడ్రస్ రిజర్వేషన్ పెట్టాలి. ఈ కంప్యూటరు మ్యాక్ అడ్రసుకు (లాన్ పోర్టుకు ఉండే సొంత గుర్తింపు నంబరు) ఫలానా ఐపీ అని అక్కడ రాసి ఉంటే అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. రేపు రూటరు మార్చినా కంప్యూటరు నెట్ మాత్రం ఆగదు.

పాత కేబుల్‌ను బాగుచేయొచ్చా

ఫోను వైరు విడదీసి, నీలం జతను మళ్లీ పిన్నులోకి తెచ్చి, గోధుమ జతకు కాస్త తొడుగు చీల్చి పొడవు తీస్తే ఎనిమిదీ దొరుకుతాయి కదా అని మిల్లువాళ్లు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు మల్టీమీటరు చెప్పింది.

ఒక కొసలో నారింజ జత రెండు వైర్లూ కలిపి మెలిపెట్టి, రెండో కొసలో ఓమ్‌లు కొలవాలి. మీటరు తీగల సొంత నిరోధం ముందే చూసి తీసేయాలి. 24 గేజీ అచ్చమైన రాగి వైరుకు మీటరుకు సుమారు 0.084 ఓమ్‌లు. పోనూ రానూ 84 మీటర్లు, అంటే దాదాపు 7 ఓమ్‌లు రావాలి. ఇక్కడ 11 వచ్చింది. వైరు కొసను బ్లేడుతో గీకితే పైన రాగి రంగు, లోపల తెలుపు. రాగి పూత పూసిన అల్యూమినియం. లైటర్ మంటలో పెట్టినా తెలుస్తుంది: రాగి ఎర్రబడి నిలుస్తుంది, అల్యూమినియం 660 డిగ్రీల దగ్గరే కరిగి వాలిపోతుంది. ఈ రకం వైరు పిన్నులో నొక్కిన చోట కొన్నాళ్లకు వదులవుతుంది, రెండు మూడుసార్లు వంచితే తెగుతుంది. పైగా ఎండ పడిన చోట తొడుగు పెళుసుబారి, వేలితో నొక్కితే చిట్లుతోంది. ఒకచోట ఎలుక కొరికిన గాట్లు కూడా ఉన్నాయి. కాయల మిల్లులో ఎలుకలు లేకుండా ఉండవు. ఇలాంటి కేబుల్‌ను అతికి ఎనిమిది లైట్లు వెలిగించినా అది వచ్చే ఎండాకాలం దాకానే.

వేడి గురించి ఒక మాట. కేబుల్‌కు చెప్పే 100 మీటర్ల హద్దు 20 డిగ్రీల వేడికి వేసిన లెక్క. 20 నుంచి 40 డిగ్రీల దాకా ప్రతి డిగ్రీకి సిగ్నల్ నష్టం 0.4 శాతం, 40 నుంచి 60 దాకా ప్రతి డిగ్రీకి 0.6 శాతం పెరుగుతుంది. మే నెలలో మన రేకుల కింద కేబుల్ 60కి చేరిందనుకుంటే నష్టం 20 శాతం పెరిగినట్టు. 42 మీటర్లకు ఇది అడ్డు కాదు. 85, 90 మీటర్లు లాగే పెద్ద గోడౌన్లలో మాత్రం ఈ లెక్క వేసుకున్నాకే లాగాలి.

కొత్త లైను

అచ్చమైన రాగి క్యాట్ 6 కేబుల్ రెండు లైన్లు లాగాం: ఒకటి డేటాకు, ఒకటి అదనంగా. 42 మీటర్ల దారికి, గోడలు ఎక్కి దిగడానికీ, రెండు కొసల్లో మీటరున్నర చొప్పున వదులుకూ కలిపి లైనుకు 47 మీటర్లు పట్టింది. 25 మి.మీ. పీవీసీ పైపులు 3 మీటర్లవి 15, వాటిని గోడకు పట్టించే సాడిల్స్ 70 సెంటీమీటర్లకొకటి చొప్పున సుమారు 60. రెండు కొసల్లో నేల నుంచి 2 మీటర్ల ఎత్తు దాకా జీఐ (ఇనుప) పైపు. కింద బస్తాలు తగిలేదీ, ఎలుకలు కొరికేదీ అక్కడే.

పాత కేబుల్ మోటార్ల త్రీఫేజ్ లైనుతో కలిసి ఒకే క్లాంపులో పోయింది. కొత్తదాన్ని 30 సెంటీమీటర్లు ఎడంగా పైకి తీశాం, దాటాల్సిన ఒక్కచోట లంబకోణంలో అడ్డంగా దాటించాం. లాగేటప్పుడు గట్టిగా గుంజకూడదు. 11 కిలోల లాగుడు మించితే లోపలి మెలికలు సాగిపోతాయి. మలుపు దగ్గర కేబుల్ మందానికి నాలుగింతలకన్నా బిగువుగా వంచకూడదు. 6 మి.మీ. కేబుల్‌కు అది 24 మి.మీ. వ్యాసార్థం.

గోడ దగ్గర నేరుగా పిన్ను కొట్టలేదు, సాకెట్ బాక్సులు పెట్టి, అక్కడి నుంచి రెడీమేడ్ ప్యాచ్ కార్డులు వాడాం. గోడలో పోయే కేబుల్లో ఒంటి తీగ ఉంటుంది, మాటిమాటికీ వంచితే అది తెగుతుంది. ప్యాచ్ కార్డులో సన్న పోగులు ఉంటాయి, వంగినా తట్టుకుంటుంది. కాటా గదిలో సాకెట్ మూతి కిందికి ఉండేలా బిగించాం. శనక్కాయ పొట్టు ధూళి పైకి చూసే పోర్టులో నిండిపోయి తీగలకు నూనె జిడ్డులా పట్టుకుంటుంది.

రంగుల వరుస రెండు కొసల్లోనూ ఒక్కటే: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. జత మెలిక విప్పేది 13 మి.మీ. మించకూడదు. పిన్ను కొట్టాల్సిన చోట క్యాట్ 6కు క్యాట్ 6 పిన్నే తీసుకోవాలి, మామూలు పిన్ను రంధ్రంలో దాని లావు తీగ పూర్తిగా దూరదు. తీగ కొసలు పిన్ను ముందు గోడకు ఆనినట్టు కనిపించాలి, బయటి తొడుగు పిన్ను గొళ్లెం కిందికి వచ్చి ఉండాలి. తొడుగు బయటే ఉండిపోతే లాగుడంతా తీగల మీద పడి ఆరు నెలల్లో వదులవుతుంది.

టెస్టరులో ఎనిమిది వరుసగా వెలిగినంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదని ఇక్కడే చెప్పాలి. కొందరు నారింజ జత, ఆకుపచ్చ జత, నీలం జత, గోధుమ జత అని పక్కపక్కన పెట్టి రెండు కొసలూ ఒకేలా కొడతారు. టెస్టరు 1 నుంచి 8 దాకా చక్కగా వెలిగిస్తుంది. కానీ 3, 6 పిన్నుల్లో ఒకే జత ఉండాల్సింది పోయి ఒకటి ఆకుపచ్చ జత వైరు, ఇంకొకటి నీలం జత వైరు పడతాయి. మెలిక రద్దయిపోయి ఒకదాని సిగ్నల్ ఇంకొకదానిలోకి కారుతుంది. మూడు మీటర్లకు నడుస్తుంది, నలభై మీటర్లకు లింకు కట్టదు, కట్టినా తప్పుల మయం. ఈ టెస్టరు తీగ తెగిందా లేదా అన్నదే చూస్తుంది, జత కుదిరిందా అన్నది చూడలేదు. అందుకే రంగుల వరుసను కంటితో చూసుకోవాల్సిందే.

ఇక్కడ ఆఫీసు, కాటా గది ఒకే షెడ్డుకు అంటుకుని, ఒకే కరెంటు కనెక్షన్, ఒకే ఎర్తింగు మీద ఉన్నాయి కాబట్టి రాగి కేబుల్ సరిపోయింది. కాటా గది విడిగా ఆవరణ అవతల ఉండి ఉంటే రాగి లాగేవాళ్లం కాదు. ఫైబర్ వేసి రెండు కొసల్లో మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ను లాన్ కేబుల్‌కు కలిపే డబ్బాలు) పెట్టేవాళ్లం. రెండు భవనాల మధ్య ఆరుబయట పోయే రాగి తీగ పిడుగుల కాలంలో రెండు కొసల్లోని పోర్టులకూ ముప్పు తెస్తుంది, గాజు తీగలో కరెంటు పారదు. పాత స్విచ్చి, రూటరు పోయింది మాత్రం కరెంటు లైను దారిన. ఆఫీసు ప్లగ్గులో ఎర్త్ పిన్ను వదులుగా ఉంది, దాన్ని ఎలక్ట్రీషియన్‌తో సరిచేయించి సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు ఒక్కసారిగా ఎగసినప్పుడు పరికరాలను కాపాడేది) పెట్టించాం.

అప్పగించే ముందు

మధ్యలో పెట్టిన చిన్న స్విచ్చి తీసేసి కొత్త లైనుతో కలిపితే ఆకుపచ్చ లైటు, 1.0 జీబీపీఎస్. దానితో ఆగలేదు. మిల్లులో మోటార్లన్నీ ఆడుతున్నప్పుడు పింగ్‌కు -ఎన్ 500 -ఎల్ 1400 (1400 బైట్ల ప్యాకెట్లు 500) పెట్టి రూటరుకు కొట్టాం. 500 పంపితే 500 తిరిగొచ్చాయి. ఆఫీసు కంప్యూటరు నుంచి 2 జీబీ ఫైలు కాపీ చేశాం. 100 లింకులో సెకనుకు 11 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, గిగాబిట్‌లో 110 దాకా పోవచ్చు, కాటా కంప్యూటరులో పాత హార్డ్ డిస్కు ఉంది కాబట్టి 80కి కొంచెం అటూ ఇటూ వచ్చింది. కాపీకి ముందు, తర్వాత నెట్‌స్టాట్ -ఈ కొట్టి ఎర్రర్స్ వరుస చూస్తే రెండుసార్లూ సున్నా. ఖాళీ మిల్లులో పరీక్షించి వెళ్లిపోతే మోటార్ల వల్ల సిగ్నల్‌లోకి వచ్చే గోల ఎప్పటికీ కనపడదు, కాబట్టి ఈ పరీక్ష పని వేళలోనే చేయాలి.

సాకెట్ బాక్సుల మీద, స్విచ్చి పోర్టుల దగ్గర "కాటా-1", "కాటా-2" అని చీటీలు అంటించాం. రూటరు చిరునామా, కాటా కంప్యూటరుకు రిజర్వు చేసిన ఐపీ రాసిన కాగితం స్విచ్చి ఉన్న పెట్టె తలుపు లోపల ఉంది. పాత కేబుల్‌ను ఇంటర్‌కామ్ కోసం ఉంచేశాం. రెండు కొసల్లోని లాన్ పిన్నులు మాత్రం కోసేసి, నీలం జతను ఫోను డబ్బాలోకి నేరుగా కలిపి, తొడుగు మీద "ఫోను మాత్రమే" అని మార్కరుతో రాశాం. పిన్ను ఉంటే ఎవరో ఒకరు ఏదో ఒకరోజు దాన్ని తెచ్చి స్విచ్చిలో గుచ్చుతారు.